కొబ్బరికాయ తప్పు

1857 చివర్లో ఎడిన్‌బరోకు చెందిన నెల్సన్ ప్రచురణ సంస్థ కుర్రాళ్ల కోసం ఒక సముద్ర సాహస నవల తెచ్చింది. పేరు 'ది కోరల్ ఐలండ్'. రాసిన ఆర్.ఎం. బాలంటైన్‌కు అప్పటికి 32 ఏళ్లు. ఓడ పగిలి పసిఫిక్ మహాసముద్రంలోని ఒక పగడపు దీవికి కొట్టుకువచ్చిన ముగ్గురు కుర్రాళ్ల కథ అది. రాల్ఫ్, జాక్, పీటర్కిన్ వాళ్ల పేర్లు. దీవిలో అడుగుపెట్టిన కాసేపటికే పీటర్కిన్ ఉడతలా కొబ్బరిచెట్టు ఎక్కి పిడికిలంతేసి కాయలు మూడు కోసుకొస్తాడు. చాకుతో కన్నం పొడిచి తాగి, అచ్చం నిమ్మకాయ షర్బత్తులా ఉందంటాడు. తిండీ నీళ్లూ ఒకే చెట్టున దొరికాయని సంబరపడతాడు.

కోనసీమలో పెరిగినవాళ్లెవరైనా ఇక్కడ చదవడం ఆపేస్తారు. నేనూ ఆపాను. చెట్టు మీది కాయకు డొక్క ఉంటుంది కదా. పైన ఆకుపచ్చని తోలు, దాని కింద మందంగా పీచు, ఆ లోపల టెంక. డొక్కతో ఉన్న కాయ పిడికిట్లో పట్టదు. దాన్ని ఒలవాలంటే నేలలో పాతిన గునపం కావాలి, చేతికి వాటం తెలియాలి. బాలంటైన్ చెట్టుకు కాయించింది బ్రిటన్ దుకాణాల్లో అమ్మే కాయను, పీచు ఒలిచి ఓడకెక్కించిన కాయను. పసిఫిక్‌ను ఆయన ఎన్నడూ చూడలేదు. ఎడిన్‌బరోకు ఎదుటి ఒడ్డున ఉన్న బర్నట్‌ఐలండ్ అనే ఊళ్లో కూర్చుని, ఇతరుల పుస్తకాలు ముందు పెట్టుకుని ఆ నవల రాశాడు.

తప్పు బయటపడింది. ఆ తర్వాత బాలంటైన్ చేసిన పని చూస్తే ఆయన మీద నాకు గౌరవం కలుగుతుంది. ఇక మీదట ఏది రాసినా వెళ్లి కళ్లతో చూసే రాయాలని నిశ్చయించుకున్నాడు. లైట్‌హౌస్ మీద నవల రాయాలనుకున్నప్పుడు స్కాట్లాండ్ తీరాన, పోటు వస్తే మునిగిపోయే బండ మీద కట్టిన బెల్ రాక్ దీపస్తంభంలో కాపలాదారులతో కలిసి బస చేశాడు. 1865లో వచ్చిన ఆ నవలలో రాళ్లను ఒకదానితో ఒకటి ఎలా బిగించారో, కెరటం తగిలినప్పుడు లోపలివాళ్లకు ఎలా ఉంటుందో చదువుతుంటే ఆ తేడా తెలిసిపోతుంది. లండన్ అగ్నిమాపక దళంతో తిరిగి ఒక నవల, కార్న్‌వాల్ గనుల్లోకి దిగి ఒక నవల రాశాడు. గుడ్‌విన్ ఇసుకమేటల దగ్గర లంగరేసి ఉండే దీపపు నౌకలో ఉండి మరొకటి రాశాడు. ముసలితనంలో, 1893లో, తన పుస్తకాల గురించి చెప్పుకుంటూ కూడా ఆ కొబ్బరికాయను మరచిపోలేదు. చిన్న వివరాలను నిర్లక్ష్యం చేసినందుకు జరిగిన పొరపాటుగా దాన్ని ఒప్పుకున్నాడు.

అంత నిజాయితీ గల మనిషికి అదే పుస్తకంలో ఉన్న రెండో తప్పు మాత్రం జీవితాంతం తప్పుగా తోచలేదు. ఈ వ్యాసమంతా ఆ రెండో తప్పు గురించే.

'కోరల్ ఐలండ్'లోని దీవివాసులు రెండే రకాలు. క్రైస్తవం పుచ్చుకోనివాళ్లు నరమాంసం తినే రాక్షసులు, పుచ్చుకున్నవాళ్లు శుభ్రమైన బట్టలు కట్టుకునే సాధువులు. మూడో రకం మనిషి, అంటే వల అల్లేవాడు, మామతో పోట్లాడేవాడు, చుక్కలు చూసి దారి చెప్పేవాడు, ఒక్కడూ కనిపించడు. ఈ వర్ణనలు కూడా ఇతరుల పుస్తకాల నుంచి వచ్చినవే. కొబ్బరికాయ ఏ దారిన వచ్చిందో ఈ మనుషులూ ఆ దారినే వచ్చారు. కాయ గురించి సిగ్గుపడి లైట్‌హౌస్ ఎక్కిన రచయిత, మనుషుల గురించి సరిచూసుకోవడానికి ఎక్కడికీ వెళ్లలేదు.

పసిఫిక్ చాలా దూరం, పాపం ఎలా వెళ్తాడు అనడానికి కూడా వీల్లేదు. సరిగ్గా ఆ 1857లోనే లండన్ రేవుల పక్కన లైమ్‌హౌస్‌లో ఒక వసతి గృహం తెరిచారు. ఆసియావాసులకు, ఆఫ్రికావాసులకు, దక్షిణ సముద్రాల దీవివాసులకు ఆశ్రయం అని దాని పేరులోనే ఉంది. ఓడల్లో పని చేసి, జీతం అందక, తిరుగు ప్రయాణం దొరక్క లండన్ వీధుల్లో చలికి చచ్చిపోతున్న నావికుల కోసం కట్టిన ఇల్లు అది. మన దేశపు లాస్కర్లు, అంటే కళాసీలు, సరంగులు, తండేళ్లు అక్కడ తలదాచుకున్నారు. దీవివాసితో మాట్లాడాలనుకుంటే బాలంటైన్‌కు లండన్ రైలు టికెట్టు చాలు. గనిలోకి దిగినవాడికి అదేమంత కష్టం? కష్టం అడ్డు కాలేదు. అది సరిచూసుకోవలసిన విషయమని ఆయనకు తట్టలేదు. ఆయన పాఠకులకూ తట్టలేదు. కాయ తప్పని ఉత్తరం రాయగల పాఠకుడు ఉన్నాడు, మనిషి తప్పని రాయగల పాఠకుడు లేడు.

ఆ దీవుల్లో కొన్నిచోట్ల నరమాంస భక్షణ ఉండేది. దాన్ని కాదనడం నా ఉద్దేశం కాదు. కాదనడం ఇంకో రకం అబద్ధం అవుతుంది. నా అభ్యంతరం ఆ ఒక్క విషయాన్నే మొత్తం మనిషిగా చూపడం మీద. పైగా ఆ నవలలోనే ఒక సముద్రపు దొంగ నోట నిజం బయటికొస్తుంది. ఈ దీవులకు సువార్త చేరితే ఏమవుతుందో నాకనవసరం గాని, చేరినచోట వ్యాపారం సాఫీగా నడుస్తుంది అంటాడు వాడు. రచయిత దాన్ని మిషనరీలకు మెచ్చుకోలుగా రాశాడు. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఉండిపోయాను. తర్వాతి యాభై ఏళ్ల పసిఫిక్ చరిత్ర ఆ ఒక్క మాటలో ఉంది.

మరి ఈ పుస్తకాలను పారేయాలా? నేను పారేయను. ఎందుకు పారేయనో చెప్పాలంటే కెప్టెన్ ఫ్రెడరిక్ మారియట్ దగ్గరికి వెళ్లాలి.

మారియట్ 14 ఏళ్ల వయసులో, 1806లో, నౌకాదళంలో చేరాడు. ఆయన 'పీటర్ సింపుల్' విక్టోరియా గద్దెనెక్కడానికి మూడేళ్ల ముందే, 1834లో వచ్చింది గాని, ఆమె కాలపు కుర్రాళ్లంతా దాన్ని చదువుకునే పెరిగారు. అందులో ఒక ఘట్టం ఉంది. తుఫానులో యుద్ధనౌకను గాలి రాళ్ల ఒడ్డు మీదికి నెట్టేస్తోంది. మామూలుగా ఓడను మలుపు తిప్పడానికి చోటు లేదు. కెప్టెన్ ఒక్కటే మార్గం ఉందంటాడు. ఓడ ముక్కు గాలికి ఎదురు తిరుగుతున్న క్షణాన లంగరు వదలాలి. లంగరు పట్టు దొరికి ఓడను గిర్రున రెండో వైపు తిప్పుతుంది. తిరిగిన మరుక్షణం గొడ్డలితో ఆ మోకు నరికేయాలి. ముందు నరికితే ఓడ రాళ్ల పాలు, ఆలస్యంగా నరికినా రాళ్ల పాలే. ఎవరి చేయి ఎక్కడ ఉండాలో, ఏ తెరచాప ఎప్పుడు తిప్పాలో ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోతాడు మారియట్. ఆ పేజీల్లో వీరుడంటూ ఎవరూ లేరు. వందల చేతులు ఒకేసారి తప్పు లేకుండా పని చేయడం ఉంది. శ్రమను ఇంత ఉత్కంఠగా రాసిన సాహిత్యం నాకు ఎక్కువగా తారసపడలేదు.

మా అక్క కొడుకు హైదరాబాద్‌లో ఏడో తరగతి చదువుతున్నాడు. బడిలో వాడికి 'ట్రెజర్ ఐలండ్' సంక్షిప్త ప్రతి ఇచ్చారు. చదివి నాకు ఫోను చేసి, "పిన్నీ, ఓడను గాలే నడుపుతుంది కదా, మరి ఎదురుగాలి వస్తే ఏం చేస్తారు?" అని అడిగాడు. ఎంత మంచి ప్రశ్న! వాడి పుస్తకంలో దానికి జవాబు లేదు. సంక్షిప్తం చేసేవాళ్లు మొట్టమొదట కత్తిరించేది ఓడ పనినే. నిధి ఉంచుతారు, కత్తియుద్ధం ఉంచుతారు, చిలుకను ఉంచుతారు. వాలుగా అటు కొంత ఇటు కొంత నడుపుతూ గాలికి ఎదురెక్కే ఆ విద్యను తీసేస్తారు. నా దృష్టిలో ఈ పుస్తకాల అసలు సంపద అదే. పిల్లలకు అర్థం కాదని తీసేస్తారు గాని, పిల్లలు అడిగేదీ దాని గురించే.

ఆ మారియట్ 1841లో 'మాస్టర్‌మన్ రెడీ' రాయడానికి కారణం కూడా ఒక కొబ్బరికాయ తప్పు లాంటిదే. ఆయన పిల్లలు 'స్విస్ ఫ్యామిలీ రాబిన్సన్'కు కొనసాగింపు రాయమని అడిగారు. అందులో ఓడ పని అంతా తప్పులతడక, ఆ అక్షాంశంలో బతకని జంతువులూ మొక్కలూ ఒకే దీవిలో ఉన్నాయి, దాన్ని నేను కొనసాగించలేనంటూ ఆయన వేరే నవల మొదలుపెట్టాడు. మొక్కలు సరిచేశాడు, ఓడ సరిచేశాడు. నవల చివరికి వచ్చేసరికి పడవల్లో దీవివాసులు వస్తారు, వాళ్లకు పేర్లుండవు, ఈటెలు మాత్రం ఉంటాయి. ఆ ఈటె తగిలే నవల నాయకుడు, రెడీ అనే ముసలి నావికుడు, చనిపోతాడు. 1824లో బర్మా యుద్ధంలో లార్న్ అనే నౌకకు అధిపతిగా రంగూన్ నదిలో నెలల తరబడి గడిపిన మనిషి ఈ మారియట్. ఆసియా ముఖాలు ఆయనకు కొత్త కావు. అయినా సరిచూసే కన్ను చెట్టు దగ్గర తెరుచుకుని మనిషి దగ్గర మూతపడింది.

కాబట్టి వెళ్లి చూసినంత మాత్రాన అంతా సరైపోతుందని కూడా చెప్పలేను. జి.ఎ. హెంటీ ఇందుకు పెద్ద సాక్ష్యం. ఆయన యుద్ధ విలేకరి, ఇథియోపియా నుంచి పశ్చిమాఫ్రికా దాకా సైన్యాల వెంట తిరిగాడు. 1875లో వేల్స్ యువరాజు వచ్చినప్పుడు ఆయనతో పాటు మన దేశానికీ వచ్చాడు. 1884లో 'విత్ క్లైవ్ ఇన్ ఇండియా' అనే నవల రాశాడు. దాని నాయకుడు, తండ్రిని పోగొట్టుకున్న 16 ఏళ్ల చార్లీ మారియట్ (ఇంటిపేరు ఒకటే గాని కెప్టెన్ మారియట్ వేరు), ఈస్టిండియా కంపెనీ గుమాస్తాగా ఓడెక్కి, దారిలో ఫ్రెంచి దోపిడీ ఓడలతో పోరాడి మద్రాసు చేరతాడు. తర్వాత ఆర్కాటు, ప్లాసీ. ఆ తర్వాత ఒక అధ్యాయం పేరు చూసి నేను ఉలిక్కిపడ్డాను. మచిలీపట్నం.

1758 డిసెంబరులో ఇప్పటి కాకినాడ జిల్లాలోని చందుర్తి దగ్గర ఈస్టిండియా కంపెనీ కర్నల్ ఫోర్డ్ సేన ఫ్రెంచివాళ్లను ఓడించింది. నిలువెత్తు పైరు చాటున తెల్ల సైనికులు కనపడకుండా ఉన్నారు. ఎర్రకోట్లు తొడుక్కున్న దేశీ సిపాయిలను తెల్లవాళ్లనుకుని ఫ్రెంచివాళ్లు వాళ్ల మీదికి వెళ్లి దెబ్బతిన్నారు. 1759 ఏప్రిల్‌లో ఫోర్డ్ రాత్రివేళ బురద నేలల మీదుగా వెళ్లి, తన సేన కంటే ఎక్కువ బలగమున్న బందరు కోటను పట్టుకున్నాడు. దానితో ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచివాళ్ల కథ ముగిసింది. మన కోస్తా భవిష్యత్తును మార్చేసిన నాలుగు నెలలవి. కంపెనీని అసలు ఇక్కడికి పిలిచింది విజయనగరం ఆనందరాజు. ఫ్రెంచివాళ్ల నుంచి విశాఖపట్నం చేజిక్కించుకుని కబురు పెట్టింది ఆయనే. ఎందుకు పిలిచాడు, ఏమి ఆశించాడు, ఎర్రకోటు తొడుక్కుని ఆ పైరు పక్కన నిలబడ్డ సిపాయిలు ఎక్కడివాళ్లు, వాళ్లలో ఎందరు తిరిగి ఇళ్లకు వెళ్లారు, ఇవన్నీ నవలకు ఎంతటి సరుకు!

హెంటీ తన చారిత్రక వివరాలు కచ్చితమైనవని ముందుమాటలో హామీ ఇచ్చాడు. తేదీలూ యుద్ధవ్యూహాలూ చాలావరకు సరైనవే. అందుకే నాకు ఆయన మీద కోపం ఎక్కువ. కోట చుట్టూ బురద ఉందని రాయగలిగినవాడికి కోట బయట ఊరు ఉందని రాయడం కష్టమేమీ కాదు. కలంకారీ అద్దకంతో ప్రపంచానికి తెలిసిన ఊరది. తెలుగు పిల్లవాడు ఈ అధ్యాయం చదివితే తన ఊళ్లోకి కిటికీ లేని బండిలో వెళ్లి వచ్చినట్టు ఉంటుంది.

ఇదే 1884లో ఇంకో కుర్రాడి సంగతి చెప్పాలి. ఇతడు నవలలోని వాడు కాదు. రిచర్డ్ పార్కర్, 17 ఏళ్లు, అనాథ. మిన్యొనెట్ అనే చిన్న ఓడలో పనికి కుదిరాడు. ఆ ఓడను సౌతాంప్టన్ నుంచి ఆస్ట్రేలియా చేర్చాలి, సిబ్బంది మొత్తం నలుగురు. పెద్ద సముద్రం వాడికి కొత్త. జులైలో దక్షిణ అట్లాంటిక్‌లో ఓడ మునిగింది. నలుగురూ చిన్న పడవలోకి దూకారు. ముల్లంగి జాతి దుంపల డబ్బాలు రెండు తప్ప తిండి లేదు, మంచినీళ్లు బొత్తిగా లేవు. దాహం తట్టుకోలేక పార్కర్ సముద్రపు నీళ్లు తాగి జబ్బుపడ్డాడు. దాదాపు మూడు వారాలు కావస్తుండగా కెప్టెన్ డడ్లీ, మేట్ స్టీవెన్స్ కలిసి వాణ్ని చంపారు. మిగిలిన ముగ్గురూ వాడి మాంసం తిని బతికారు. కొద్ది రోజులకు ఒక జర్మన్ ఓడ వాళ్లను కాపాడింది. కోర్టు ఇద్దరికీ మరణశిక్ష వేసింది, తర్వాత దాన్ని ఆరు నెలల జైలుగా తగ్గించారు. ఆ తీర్పును న్యాయశాస్త్ర విద్యార్థులు ఇప్పటికీ చదువుతారు.

నరమాంసం ఏ జాతి స్వభావమో తేల్చేసిన పుస్తకాలు అప్పటికి ప్రతి ఇంగ్లీషు ఇంట్లో ఉన్నాయి. నేను ఈ సంగతి ఎవరినో కించపరచడానికి ఎత్తలేదు. ఆ ముగ్గురిని చూసి ఇంగ్లండు ప్రజలు జాలిపడ్డారు. ఆకలిని, భయాన్ని, సముద్రాన్ని లెక్కలోకి తీసుకున్నారు. తీసుకోవడం న్యాయమే. ఆ జాలి, ఆ లెక్క దీవివాసికి ఒక్క నవలా ఇవ్వలేదు. నా ఫిర్యాదు అదొక్కటే.

ఇచ్చినవాడు ఒకడున్నాడు. రాబర్ట్ లూయీ స్టీవెన్సన్. 1881 వేసవిలో బ్రేమార్‌లో సవతి కొడుకుతో కలిసి ఒక దీవి పటం గీసి, ఆ పటం నుంచి 'ట్రెజర్ ఐలండ్' పుట్టించినవాడు. బాలంటైన్ బస చేసిన బెల్ రాక్ దీపస్తంభం కట్టింది ఈయన తాత. నండూరి రామమోహనరావు గారి 'కాంచనద్వీపం' చదివిన తరానికి ఈయన గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. అయినా ఒక్క విషయం గమనించమంటాను. ఆ దీవిలో జనం లేరు. జయించడానికి ఎవరూ లేరు, మతం మార్చడానికి ఎవరూ లేరు. దురాశ అంతా ఇంగ్లండు నుంచి ఓడలో వెళ్లిందే. చివర్లో జిమ్ హాకిన్స్ ఎవరేమిచ్చినా మళ్లీ ఆ దీవికి పోనంటాడు. అలల హోరు కలలోకి వచ్చి మంచం మీద లేచి కూర్చుంటానంటాడు. హెంటీ కుర్రాడెవడూ అలా లేచి కూర్చోడు.

1888లో స్టీవెన్సన్ నిజంగానే పసిఫిక్‌కు ఓడెక్కాడు. 1890లో సమోవాలో స్థిరపడ్డాడు, 1894లో అక్కడే చనిపోయాడు. మార్కెసస్ దీవుల్లో జనం దగ్గర కథలు రాబట్టడానికి ముందు తన స్కాట్లాండ్ కొండజాతుల కథలు వాళ్లకు చెప్పేవాడు. వాళ్ల తెగల పద్ధతులకూ తమ తెగల పద్ధతులకూ ఉన్న పోలికలు చూశాడు. నరమాంసం గురించి రాస్తూ, బౌద్ధుల కళ్లకూ శాకాహారుల కళ్లకూ మేమూ అలాగే కనపడతాం కదా అన్నాడు. ఆ పోలికతో మీరు ఒప్పుకోకపోయినా, ఎదుటివాడి చోట నిలబడి తనను చూసుకున్నాడు చూడండి, బాలంటైన్ చేయని పని అదే. 1892లో వచ్చిన 'ది బీచ్ ఆఫ్ ఫలెసా'లో ఒక తెల్ల వ్యాపారి ఊమా అనే దీవి పిల్లను బూటకపు కాగితంతో పెళ్లాడతాడు. ఒక్క రాత్రికే పెళ్లి అని, మర్నాడు తరిమేయవచ్చని అందులో రాసి ఉంటుంది. చదవడం రాని ఆ పిల్ల దాన్ని భద్రంగా దాచుకుంటుంది. లండన్ పత్రిక ఆ కాగితం భాగాన్ని తీసేసి కథ అచ్చువేసింది. కథ చెప్పే వ్యాపారికి చివరిదాకా జాతి గర్వం పోదు, అయినా ఊమా మీద ప్రేమ అతన్ని కట్టిపడేస్తుంది. సమోవా రాజకీయాల్లో జర్మనీ, బ్రిటన్, అమెరికా చేస్తున్న అన్యాయాల మీద స్టీవెన్సన్ లండన్ టైమ్స్‌కు ఉత్తరాలు రాశాడు, ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. తాము జైల్లో ఉన్నప్పుడు చూడవచ్చినందుకు కృతజ్ఞతగా సమోవా నాయకులు ఆయన ఇంటికి దారి వేశారు.

హెంటీ వచ్చాడు, స్టీవెన్సన్ వెళ్లాడు. హెంటీ తనకు ముందే తెలిసినదాన్ని మళ్లీ చూసి వెళ్లాడు. స్టీవెన్సన్ తాను తప్పేమోనన్న అనుమానాన్ని వెంట తీసుకెళ్లాడు.

ఆ పగడపు సముద్రానికి మన తెలుగువాళ్లూ వెళ్లారు. 1879లో మొదలైన ఫిజీ కూలీ ఓడలు 1903 నుంచి మద్రాసులోనూ జనాన్ని ఎక్కించుకున్నాయి. తెలుగు కుటుంబాలు చెరకు తోటల్లో ఒప్పందపు కూలీ చేశాయి. వాళ్ల మనుమలు ఇవాళా ఫిజీలో ఉన్నారు. కోరంగిలో తరతరాలుగా ఓడలు కట్టారు, అక్కడి నుంచి బర్మాకు పోయినవాళ్ల వల్ల రంగూన్‌లో తెలుగువాళ్లందరికీ కోరంగీలనే పేరు వచ్చింది. విక్టోరియా గద్దెనెక్కిన రెండేళ్లకు, 1839 నవంబరులో, ఉప్పెన ఆ రేవును తుడిచిపెట్టింది. ఓడల్లో పెరిగిన కుర్రాళ్లు అక్కడా ఉన్నారు. మారియట్ లంగరు మోకు గురించి రాసినంత వివరంగా కోరంగి వడ్రంగి పని గురించి, తండేలు కొడుకు మొదటి ప్రయాణం గురించి రాసిన పిల్లల నవల నాకు కావాలి. నా అక్క కొడుక్కి కావాలి.

అది వచ్చేదాకా ఏమి చేయాలని తల్లిదండ్రులు అడుగుతుంటారు. ఇవి వలసవాదపు చెత్త, ముట్టుకోవద్దు అనేవాళ్లు ఒకవైపు, పిల్లల కథలకు ఇంత తర్కమెందుకు అనేవాళ్లు ఇంకోవైపు ఉన్నారు. మొదటివాళ్లు ఎదురుగాలిని దాటే విద్యను కూడా పారేస్తున్నారు. రెండోవాళ్లు పిల్లలను తక్కువ అంచనా వేస్తున్నారు. పన్నెండు పదమూడేళ్ల పిల్లలకు పూర్తి పాఠం ఇవ్వండి. నరికిన ప్రతులు వద్దు, శుద్ధి చేసిన ప్రతులు అసలే వద్దు. శుద్ధి చేసినవాటిలో దీవివాసిని అవమానించే మాట పోతుంది గాని, అతనికి పేరు లేదన్న సంగతి అలాగే మిగిలిపోతుంది, పైగా కనపడకుండా మిగులుతుంది. మొదట 'ట్రెజర్ ఐలండ్', తర్వాత 'పీటర్ సింపుల్', ఆ తర్వాత 'కోరల్ ఐలండ్'. మచిలీపట్నం అధ్యాయాన్ని తెలుగు పిల్లలు చందుర్తి యుద్ధం గురించిన చరిత్ర పాఠం పక్కన పెట్టుకుని చదివితే బాగుంటుంది. 'ఫలెసా'ను పదిహేనేళ్లు దాటాక ఇవ్వవచ్చు. అనువాదకులెవరైనా దాన్ని తెలుగులోకి, ఆ పెళ్లి కాగితంతో సహా, తీసుకువస్తే మొదటి ప్రతి నేనే కొంటాను.